‘ఫ్రోమ్ లిఖిత్’ అంటే మన బ్రహ్మరాతేనా?

మన గుంపులో నిన్న ఒక సభ్యురాలు అడిగారు: “లిఖిత్ రక్ అనే థాయ్ సీరియల్ చూస్తున్నాను. హీరో నౌకాదళ అధికారి, హీరోయిన్ ప్రాణభయంతో తలదాచుకున్న యువరాణి. తుపాకులు, ఛేజింగులు, మధ్యలో ప్రేమ. అభిమానుల మాటల్లో ‘ఫ్రోమ్ లిఖిత్’ అని పదేపదే కనబడుతోంది. ఇది మన బ్రహ్మలిఖితమేనా? అయితే తెలుగులో ఏమనాలి? ఇంకా సగంలోనే ఉన్నాను, దయచేసి కథ చెప్పేయకండి.”

కథ చెప్పను. 2018లో థాయ్ చానెల్ 3లో వచ్చింది, నాదేత్ కుగిమియా, ఉరస్సయా స్పెర్‌బండ్ జంట నటించింది. మనకు ఆ పాటి చాలు, మిగతాదంతా మాట గురించే.

ప్రశ్నలో మొదటి సగం తేలిక. అవును, అది బ్రహ్మలిఖితమే. సంస్కృతం, పాలి నుంచి వెళ్లిన మాటల్లో మన గ, జ, ద, బ లు థాయ్ నోట ఖ, ఛ, థ, ఫ లు అవుతాయి. రాతలో పాత అక్షరం అలాగే ఉంటుంది, పలుకు మాత్రమే మారింది. దేవ ‘థేప్’ అయింది, నగరం ‘నఖోన్’ అయింది, జన ‘ఛొన్’ అయింది. పేరుకు ముందు తగిలించే ‘ఖున్’ ఉంది చూశారా, అది మన గుణం! గుణం కాస్తా అక్కడ ‘గారు’ అయి కూర్చుంది. చివరి అచ్చు సాధారణంగా పలకరు కాబట్టి లిఖిత ‘లిఖిత్’, బ్రహ్మ ‘ఫ్రోమ్’. ఈ నాలుగు అక్షరాల కిటుకు పట్టుకుంటే సబ్‌టైటిల్స్ వైపు చూడకుండానే ఎపిసోడ్‌కు పది మాటలు చెవికి చిక్కుతాయి.

రెండో సగం దగ్గరే చిక్కంతా. మాట ఒకటే, వాడుక వేరు. మనవాళ్లు బ్రహ్మరాత, తలరాత, నుదుటిరాత అని ఎప్పుడంటారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పంట పోయినప్పుడు, ఉద్యోగం ఊడినప్పుడు, అల్లుడు తాగుబోతని తేలినప్పుడు. “నా రాత ఇలా కాలింది” అంటాం గానీ “నా రాత ఇలా పండింది” అనడం అరుదు. మన బ్రహ్మ రాసింది నిట్టూర్పుతోనే చదువుకుంటాం. థాయ్‌లో ఫ్రోమ్ లిఖిత్ అనగానే ముందుగా మనసుకు వచ్చేది జంట. ఎక్కడో పుట్టిన ఇద్దరిని ఒక దారిలో ఎదురుపడేలా చేసిన చెయ్యి. అందుకే యువరాణి, ఆమెకు అంగరక్షకుడైన ఆ నౌకాదళ అధికారి ఒకే గొడుగు కిందకు చేరగానే అభిమానులకు ఆ మాట వస్తుంది. అక్కడ ‘తలరాత’ అని దించితే ఎవరో పోయారనుకుంటారు.

ఇంకో తేడా కూడా ఉంది. మనకు బ్రహ్మ గుడులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. గుంటూరు జిల్లా చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉందంటే వింతగా చెప్పుకుంటాం. అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలున్నాయి గానీ పేరే బ్రహ్మది, లోపలున్నది శివుడు. బ్యాంకాక్ నడిబొడ్డున ఎరవాన్ హోటల్ దగ్గర 1956లో ప్రతిష్ఠించిన నాలుగు ముఖాల బ్రహ్మకు మాత్రం రోజూ పూలదండల కుప్పలే. పూజలందుకునే దేవుడి రాతకూ, గుడి దక్కని దేవుడి రాతకూ వాసన వేరుగా ఉండటంలో ఆశ్చర్యం లేదనిపిస్తుంది. ఇది నా ఊహే, వాదనకు దిగకండి.

మరి తెలుగులో ఏమనాలి? నా ఓటు ‘రాసిపెట్టి ఉంది’ అనే క్రియకు. “ఆ పిల్ల వాడికి రాసిపెట్టి ఉంది” అంటే ఏడుపు వినిపించదు, పెళ్లి వాసనే వస్తుంది. నామవాచకమే కావాలంటే ‘బ్రహ్మముడి’. రాత పోయి ముడి వచ్చింది, అయినా బ్రహ్మ ఉన్నాడు, జంట ఉంది. పెళ్లిలో కొంగులు కలిపి వేసే ముడి అది. ఆ పేరుతో స్టార్ మాలో సీరియలే వచ్చింది కాబట్టి ఎవరికీ విడమరచనక్కర్లేదు. “పెళ్లిళ్లు స్వర్గంలో నిశ్చయమవుతాయి” అని సూచించినవారికి ఒక మాట: అది ఇంగ్లీషు సామెతకు మనం తొడిగిన పంచె. మన సొంత సరుకు కావాలంటే “కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగదు” ఉంది, కానీ యువరాణి గారికి వాడటానికి నాకు ధైర్యం చాలడం లేదు.

ఇక ‘రక్’, అంటే ప్రేమ. వ్యాఖ్యల్లో ఇద్దరు దీన్ని రక్తి, అనురక్తి నుంచి తెచ్చారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను, ఎంత ముద్దుగా కుదురుతుందో! కానీ అది తాయ్ భాషల (థాయ్, లావో వగైరా ఉన్న కుటుంబం) సొంత మాట. సాక్ష్యం పక్కింట్లోనే ఉంది. లావో భాషలో ప్రేమను ‘హక్’ అంటారు. థాయ్‌లో ర తో మొదలయ్యే సొంత మాటలు లావోలో హ తో మొదలవుతాయి: ‘మనం’ అనడానికి థాయ్‌లో రావ్, లావోలో హావ్, ‘నేర్చుకోవడం’ థాయ్‌లో రియన్, లావోలో హియన్. రక్, హక్ ఆ వరసలోవే. అంటే లిఖిత్ రక్ అనే పేరులో సగం మనింటి నుంచి వెళ్లిన పిల్ల, సగం అక్కడి పిల్లాడు. పేరులోనే పెళ్లి జరిగిపోయింది.

ఇదే చానెల్‌లో 2018లోనే వచ్చిన ఇంకో సీరియల్ పేరు ‘బుప్ఫే సన్నివాత్’. అది నడుస్తున్న రోజుల్లో జనం పాతకాలపు బట్టలు కట్టుకుని పాత రాజధాని అయుత్థయలోని వాట్ ఛైవత్థనారామ్ గుడికి వరస కట్టారు. పేరు పాలి: పుబ్బే సన్నివాస, పూర్వం కలిసి ఉండటం. (చివరి స థాయ్ నోట త అవుతుంది.) దాని వెనక బుద్ధుడి పూర్వజన్మల జాతక కథల్లోని గాథ ఒకటుంది:

పుబ్బేవ సన్నివాసేన పచ్చుప్పన్నహితేన వా
ఏవం తం జాయతే పేమం ఉప్పలంవ యథోదకే

పూర్వం కలిసి బతకడం వల్లనో, ఇప్పుడు చేసిన మేలు వల్లనో ప్రేమ పుడుతుంది, నీటిలో కలువ పుట్టినట్టు. పచ్చుప్పన్న అంటే ప్రత్యుత్పన్న, ఇప్పటిది. పేమం మన ప్రేమే, ఉప్పలం మన ఉత్పలమే.

ఆ ‘వా’ దగ్గర కాసేపు ఆగండి. గాథ రెండు దారులు చూపింది, ఏదైనా సరేనంది. యాక్షన్ ప్రేమకథలన్నీ రెండో దారిలో నడుస్తాయి: గురి పెట్టిన తుపాకీకి అడ్డం నిలబడటం, గాయానికి కట్టు కట్టడం, రాత్రంతా కాపలా కాయడం. అదంతా పచ్చుప్పన్నహితమే. ప్రేమ పుట్టేది వాడు ఇప్పుడు చేసిన మేలు వల్ల, అభిమానులు పేరు రాసేది బ్రహ్మ ఖాతాలో! అంగరక్షకుడి కష్టాన్ని బ్రహ్మ కొట్టేస్తున్నాడని నా ఫిర్యాదు.

చివరగా ‘ఫీ’ గురించి అడిగినవారికి. అక్షరాలా అన్న లేదా అక్క, తనకన్నా పెద్దవారిని పిలిచే మాట. థాయ్ ప్రేమకథల్లో హీరోయిన్ హీరోని ‘ఖున్’ అనడం మాని ‘ఫీ’ అన్న రోజు అభిమానులకు పండగ. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో రెండు చోట్లా ఒకటే ‘యు’, ఆ పండగ కాస్తా మాయం. తెలుగులో ‘మీరు’ నుంచి ‘నువ్వు’కు దిగినా సగమే దక్కుతుంది. ‘అన్నయ్యా’ అని దించారో, కథ అక్కడితో సమాప్తం, ఆ యువరాణి ఇక రాఖీ కట్టాల్సిందే. ‘బావా’ అంటే వరస కలుస్తుంది. కానీ నౌకాదళం యూనిఫాంలో ఉన్నవాడిని బావా అని పిలిస్తే బాగుంటుందా లేదా అన్నది గోదావరి జిల్లాల సభ్యులు తేల్చాలి.