హానీ, ఇషూ నవల ఎవరైనా చదివారా? బెంగాలీ కల్చర్ నిజంగా ఉందా?

పుస్తకాల_పిచ్చి:
హాయ్ అండీ. ఇద్దరమ్మాయిల లవ్ స్టోరీ కావాలి, టీనేజ్ నవల, చివర్లో ఎవరూ చావకూడదు, అంతే నా కండిషన్ 😅 ఫ్రెండ్ ఒకామె అదీబా జైగీర్దార్ రాసిన 'హానీ అండ్ ఇషూస్ గైడ్ టు ఫేక్ డేటింగ్' చదవమంది, బెంగాలీ కల్చర్ బాగుంటుందట. నాకు బెంగాలీ అంటే మా ఇంట్లో ఉన్న శరత్ బాబు అనువాదాలే, చదవడం ఏడవడం. ఇందులో నిజంగా కల్చర్ ఉందా, లేక చేపల కూర, చీర పెట్టేసి మమ అనిపించారా? మా కజిన్ ఇంటర్ చదువుతోంది, తనకీ ఇద్దామని.

వానచినుకు:
చదివా, 2021లో వచ్చింది. కలకత్తా అనుకునేరు, కథంతా డబ్లిన్‌లో. హానీ వాళ్ళది బంగ్లాదేశ్ ముస్లిం ఫ్యామిలీ, ఇషూ వాళ్ళది ఇండియా బెంగాలీ ఫ్యామిలీ, భాష ఒకటే గానీ మతం వేరు దేశం వేరు, స్కూల్లో మాత్రం ఇద్దర్నీ ఒకే గాటన కట్టేస్తారు. హానీ తను బై, అంటే అమ్మాయిలూ అబ్బాయిలూ ఇద్దరూ నచ్చుతారు అని చెప్తే ఫ్రెండ్స్ నమ్మరు, ఇప్పటిదాకా అబ్బాయిల్తోనే కదా తిరిగావ్ అంటారు, దాంతో కంగారులో ఇషూతో రిలేషన్‌లో ఉన్నా అనేస్తుంది, ఆ ఇషూ అంటే వాళ్ళకి అస్సలు పడదు! ఇషూకేమో హెడ్ గర్ల్ అవ్వాలని, దానికి నలుగురికీ నచ్చాలి కదా, సో డీల్. ఎవరూ చావరు లెండి.

ఇరానీ_చాయ్:
నాకైతే ఇషూ వాళ్ళక్క ముచ్చటే మస్తు నచ్చింది. మెడిసిన్ పక్కకు పెట్టి పెండ్లి చేస్కుంట అని ఇంటికొస్తది, ఇగ అమ్మానాన్నల ఆశలన్నీ చిన్నదాని నెత్తిన, అచ్చం మన ఇండ్లల్ల లెక్కనే. హానీ ఇంట్ల మాత్రం బై అంటే లొల్లి చెయ్యరు, ముస్లిం ఇల్లు అంటే ఇట్లనే ఉంటది అనుకునేటోళ్ళకు అది చదివియ్యాలె. రేసిజం, ముస్లింలంటే చిన్నచూపు ఉన్నయ్, కజిన్‌కు ముందే చెప్పుర్రి.

నిద్రలేని_రాత్రి:
నాకంత ఎక్కలేదు. ఒక చాప్టర్ హానీ చెప్తుంది, ఒకటి ఇషూ, పేరు తీసేస్తే ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు. ఆ ఫ్రెండ్స్ మరీ సీరియల్ విలన్లు, అన్నిసార్లు అవమానించినా హానీ వాళ్ళ వెనకే తిరుగుతుంటే పుస్తకం విసిరేద్దామనిపించింది. 2022లో వైఏ బుక్ ప్రైజ్ (టీనేజ్ నవలలకిచ్చే అవార్డు) వచ్చింది మరి, నా టేస్టే తేడా ఏమో. ఈవిడదే 'ది హెన్నా వార్స్' నాకు బెటర్, మెహందీ బిజినెస్ పోటీలో నిషాత్ తన క్రష్ మీదే పోటీకి దిగుతుంది.

పుస్తకాల_పిచ్చి:
థాంక్స్ అందరికీ! అయితే కజిన్‌కి మెహందీదే ముందు ఇవ్వనా?

వానచినుకు:
వద్దండీ, అందులో నిషాత్ గురించి స్కూలంతా తెలిసిపోతుంది, ఇంట్లో వాళ్ళూ తొందరగా ఒప్పుకోరు. ముందు హానీ ఇవ్వండి, అది తర్వాత మీరు చదివి ఇవ్వండి.