చీఫ్, షెఫ్: ఒకే ఫ్రెంచి మాటకు రెండు పలుకుబడులు

పెళ్లి భోజనాల దగ్గర బోర్డు మీద కనిపించే మాటను బఫే అనాలా, బఫెట్ అనాలా అన్న ప్రశ్నకు సమాధానం బఫే. విందు అన్న అర్థంలో చివరి టకారం పలకదు. అదే స్పెల్లింగుతో దెబ్బ అనే అర్థమిచ్చే మాటలో మాత్రం పలుకుతుంది. డిపో, బొకే అనడం మనకు ఏనాడో అలవాటైంది కనుక బఫే కష్టమేమీ కాదు. అయితే ఫ్రెంచి నుంచి వచ్చిన ప్రతి మాటకూ చివరి హల్లు మింగెయ్యాలని దీన్నుంచి సూత్రం కట్టుకుంటేనే చిక్కు.

నా ఉద్దేశంలో ముందుగా చూడవలసింది మాట పుట్టిల్లు కాదు, అత్తింటికి వచ్చి ఎన్నాళ్లయిందన్నది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక కొన్ని శతాబ్దాలలో చేరిన చీఫ్, చైర్, చాంబర్ వంటి మాటలలో చకారమే వినబడుతుంది, ఎందుకంటే ఆనాటి ఫ్రెంచివారూ చ అనే పలికేవారు. తరువాత వారి నోట అది షకారమైంది; ఆ మార్పు జరిగాక వచ్చిన మెషీన్, షాంపేన్, బ్రోషర్ వంటివి ష తోనే వచ్చాయి. చీఫ్‌గా ఒకసారి వచ్చిన మాటే 19వ శతాబ్దిలో షెఫ్‌గా మళ్లీ వచ్చి వంటింటికి పెద్ద అయింది. యాత్ర తత్సమంగా నిలిచి ఉండగానే జాతర అనే తద్భవం వేరే అర్థంలో స్థిరపడిన భాష మనది, కనుక ఇది మనకు వింత కాకూడదు. ఆ లెక్కన మనవాళ్లు రాసే 'చెఫ్' రెంటికీ చెడ్డ రూపం.

ఎన్‌సీసీ, అంటే నేషనల్ కేడెట్ కోర్, పేరే తీసుకోండి. అందులోని కేడెట్, కోర్ రెండూ ఫ్రెంచి మాటలే. కేడెట్ చివరి టకారాన్ని ఫ్రెంచివారు పలకరు, ఇంగ్లీషువారు పలుకుతారు. కోర్ చివర రాతలో ఉన్న పకార సకారాలను ఇద్దరూ వదిలేస్తారు. దాన్ని కార్ప్స్ అని చదివితే ఇంగ్లీషు చెవికి శవం అని వినబడుతుంది. మా బడి వార్షికోత్సవంలో నేను మైకులో గట్టిగా అలాగే చదివాను. చప్పట్లు కూడా కొట్టారు.

అతిజాగ్రత్త కూడా తప్పే. చివరి వేటు అనే అర్థమున్న 'కూ డ గ్రాస్'లో స పలకాలి. ఫ్రెంచి కదా అని 'గ్రా' అంటే, ఫ్రెంచివారికి అది కొవ్వు అవుతుంది.

ఇక గరాజ్, రూజ్ (బుగ్గలకు పూసే ఎర్ర రంగు) మాటల చివరి ధ్వనికి మన లిపిలో అక్షరం లేదు. కొందరు ఝ రాస్తారు గాని అది జకారానికి ఒత్తు, వేరే ధ్వని. గొంతు మీద వేలు పెట్టుకుని 'ష్ష్' అంటూ, నాలుక కదపకుండా గొంతుకు అదురు తెప్పిస్తే ఆ ధ్వని వస్తుంది. అది కుదరకపోయినా, గ్యారిజ్ అని మామూలు జకారంతో పలికేవారు బ్రిటన్‌లోనే ఎందరో ఉన్నారు కనుక, ఆ ఒక్క మాట దగ్గర మనం నిశ్చింతగా ఉండవచ్చు.