కుక్కకు వేసిన చిప్ స్కానర్‌లో కనిపించడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: హైదరాబాద్ నుంచి జర్మనీకి కుక్కను తీసుకెళ్లాలి. వేయించిన చిప్‌ను స్కానర్ చదవట్లేదు. బ్యాటరీ అయిపోయిందా?

జవాబు 1: బ్యాటరీ అసలుండదండీ. బియ్యపు గింజంత గాజు గొట్టంలో తీగచుట్ట, చిప్పు, అంతే. స్కానర్ క్షేత్రం తగిలితేనే 15 అంకెల నంబరు పంపుతుంది. జీపీఎస్ అనుకునేవాళ్లే ఎక్కువ!

జవాబు 2: ముందు స్కానర్‌ని అనుమానించండి. అది 125 కిలోహెర్ట్జ్ తరంగాలది అయితే 134.2 కిలోహెర్ట్జ్ చిప్‌ను చదవదు. ఇనుప గొలుసు తీసేసి, ఒంటికి ఆనించి, నెమ్మదిగా జరపండి. చిప్ భుజాల మధ్య నుంచి ముందుకాలి వైపు జారుతుంటుంది, అక్కడా వెతకండి.

జవాబు 3: కొత్త చిప్ వేయిస్తే రేబిస్ టీకా ఆ తర్వాతే. ముందు వేసిన టీకా యూరప్‌లో చెల్లదు. టీకా పనిచేసిందో లేదో చూడ్డానికి 30 రోజుల తర్వాత రక్తం తీయాలి, ఆ తేదీ నుంచి 3 నెలలు ఆగాలి. టికెట్ తొందరపడి కొనకండి.