సమస్యాపూరణం: గోడ మీద పుట్టె గున్న మావి

నిర్వాహకుడు (బైరాగిపట్టెడ, తిరుపతి):
ఈ వారం సమస్య ఆటవెలదిలో. నాలుగో పాదం ఇదీ:

గోడ మీద పుట్టె గున్న మావి

మిగతా మూడు పాదాలు మీవి. ఇల్లు, పిలకాయలు, పుట్టినరోజు, పండగ, ఇంటి పనులు, వీటి చుట్టూనే తిరగాలి. పోయినసారి లాగా అందరూ పురాణాల్లోకి పారిపోతే ఒప్పుకోను. కొత్తవాళ్ళ కోసం ఒక్క మాట: గణమంటే గురువు (పొడుగు), లఘువు (పొట్టి) అక్షరాల గుంపు. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు (మూడు మాత్రల చిన్నవి), రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రల పెద్దవి), రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో అది ధ్వనిలో కలవాలి, అది కుదరకపోతే ప్రాసయతి (వాటి పక్క అక్షరాలు కలవడం). ప్రాస నియమం (అన్ని పాదాల్లో రెండో అక్షరం ఒకటే ఉండడం) లేదు కాబట్టి కంద పద్యానికి పడేంత టెన్షన్ అక్కర్లేదు. నా పాదంలో "గో"కి "గు" యతి. దీని వెనక మా ఇంట్లో పోయిన వారం జరిగిన కథ ఒకటుంది, చివర్లో చెప్తా.

చిత్తూరు మాస్టారు:
ఇందులో సమస్య ఏముందయ్యా? మా మిద్దె గోడలో రావిచెట్టు మొలిచి నాలుగేళ్ళయింది, పీకితే గోడే వచ్చేట్టుంది.

నిర్వాహకుడు:
రావి వేరు మాస్టారూ. కాకి పండు తిని గోడ మీద రెట్ట వేస్తే చాలు, విత్తనం పగుల్లో పడి మొలుస్తుంది. మామిడి టెంకని కాకి మింగలేదు కదా. అదే సమస్య.

కొర్లగుంట కవి:
ఇదిగో నాది. మా వాడికి రెండున్నరేళ్ళు, ఇది కల్పన అని మాత్రం అనుకోకండి.

రంగు వేసి నేను రాతిరి పడుకొంటి
పొద్దు పొడిచినంత పుత్రుడచట
మైన పెన్సిలొకటి మహరాజు పట్టగా
గోడ మీద పుట్టె గున్న మావి

చిత్తూరు మాస్టారు:
గణాలు, యతులు సరిగ్గా ఉన్నాయి. "మై"కి "మ" కుదిరింది, సంతోషం. కానీ "అచట" ఎందుకొచ్చింది? యతి తర్వాత ఒక గణం ఖాళీగా కనిపిస్తే దాన్ని "అచట"తో పూడ్చేశావు, గోడ కంతలో లప్పం పెట్టినట్టు. పైగా రెండో పాదంలో పుత్రుడు, మూడో పాదంలో మహరాజు, ఇద్దరూ ఒకడే. ఇలా చూడు:

పొద్దు పొడిచినంత పొట్టివాడు
మైన పెన్సిలొకటి మాటుగా చేపట్ట

కొర్లగుంట కవి:
పొట్టివాడు బాగుంది మాస్టారూ, వాడికి చెప్పను. ఇంతకీ ఆ మైనం గోడ మీద నుంచి ఎట్లా పోతుందో ఎవరైనా చెప్పండి, పద్యం సంగతి తర్వాత. చెట్టు కంటే కాయ పెద్దది గీశాడు, కింద ముక్కు కూడా పెట్టాడు.

దామలచెరువు మామ:
ముక్కుందంటే తోతాపురి. బేనీషా అయితే గుండ్రంగా ఉండేది. నీ కొడుక్కి కాయ తెలుసబ్బా, పద్యం నీ కంటే వాడే బాగా రాస్తాడు.

తిరుచానూరు అక్క:
వంటసోడా తడిగుడ్డకి అద్దుకుని మెల్లగా రుద్దు తమ్ముడూ. కడగడానికి వీలున్న ఎమల్షన్ అయితే మైనం ఒక్కటే వస్తుంది. డిస్టెంపర్ అయితే రంగు కూడా లేచొచ్చేస్తుంది, ముందు మంచం వెనకాల ఒక మూల చూసుకో. ఇక నా పూరణ:

మా కరెంటు పోయె మంగళారతి వేళ
వెన్నెలొచ్చి చేరె వీధి నుండి
పెరటి చెట్టు నీడ పిలకాయలరవగా
గోడ మీద పుట్టె గున్న మావి

నిర్వాహకుడు:
అక్కా, మొదటి పాదానికే చప్పట్లు. "కరెంటు" జగణం (లఘువు, గురువు, లఘువు), దాన్ని యథాతథంగా పెడదామంటే సూర్యగణం కాదు, ఇంద్రగణమూ కాదు. ముందు "మా" తగిలించి "మాక", "రెంటు" అని రెండు హగణాలు (గురువు, లఘువు ఉండే సూర్యగణాలు) చేసేశారు. "పిలకాయ" సలగణమనే ఇంద్రగణంగా ఒదిగిపోయింది. మన ఊరి మాట పద్యంలో ఇంత సాఫీగా కూర్చోవడం నాకు భలే నచ్చింది.

దామలచెరువు మామ:
అంతా బాగుంది కానీ అమ్మీ, వెన్నెల వీధి వైపు నుంచి వస్తే పెరట్లో చెట్టు నీడ ఇంట్లో గోడ మీద ఎట్లా పడతాది? నీడ అటు పక్కకి పడాల గదా.

తిరుచానూరు అక్క:
అయ్యో! మామా, రాసేటప్పుడు "వె"కి "వీ" దొరికిందన్న సంబరంలో చంద్రుణ్ణి తెచ్చి వీధిలో పెట్టేశాను. మాది పడమటి వాకిలి, పెరడు తూర్పు. సత్యనారాయణ వ్రతం పౌర్ణమి సాయంత్రం చేసుకున్నాం, చంద్రుడు పెరటి వైపే లేచాడు. ఇలా మారుస్తున్నా:

వెన్నెలొచ్చి చేరె వెనక నుండి

చిత్తూరు మాస్టారు:
యతి ఇంకా మెరుగైంది. మామా, నీకు ఛందస్సు రాదంటావు గానీ అందరికంటే పెద్ద విమర్శ నువ్వే చేశావు.

పుత్తూరు కొత్తమ్మాయి:
నమస్కారమండీ. పద్యం రాయడం ఇదే మొదలు, తిట్టకండి. మా నాన్న, మా పాప కలిసి మిద్దె మీద చేస్తున్న పని ఇది. బకెట్టు పిట్టగోడ మీద పెట్టారు, ఎప్పుడు కింద పడుతుందోనని నాకు భయం.

టెంక పాతిపెట్టె తాత బకెట్టులో
నీళ్ళు పోసె మనుమరాలు రోజు
ఎండ తగలగానె మొలకెత్తి లేచెను
గోడ మీద పుట్టె గున్న మావి

చిత్తూరు మాస్టారు:
తిట్టను తల్లీ. గణాలు ఒక్కటీ తప్పలేదు, మొదటిసారికి అది చాలా పెద్ద సంగతి. నీ మూడు పాదాల్లో యతి మాత్రం ఒక్కచోటా లేదు. "టెం"కి "తా", "నీ"కి "రా", "ఎ"కి "మొ", ఏదీ కలవదు. మీ ఊళ్ళో ఉంటూ విరిగినదాన్ని విరిగినట్టే వదిలేస్తే ఎలా? విరిగిన ఎముకలకి కట్టే పుత్తూరు కట్టు కట్టేద్దాం:

తాత పాతిపెట్టె తన బకెట్టున టెంక
మనుమరాలు నీళ్ళు మరవకుండ
పోయ, వారమునకె పొడిచె మొలక, నేడు
గోడ మీద పుట్టె గున్న మావి

దామలచెరువు మామ:
వారానికి టెంక మొలవదు మాస్టారూ. పైన పెంకు తీసి లోపలి పప్పు నాటినా రెండు మూడు వారాలు ఓపిక పట్టాల.

చిత్తూరు మాస్టారు:
సరే, "పోయ నెల తిరుగక పొడిచె మొలక, నేడు". ఇప్పుడు ఒప్పుకుంటావా?

దామలచెరువు మామ:
ఇప్పుడు సరి. అమ్మాయ్, ముందు ఆ బకెట్టు గోడ దించమను.

పలమనేరు బావ:
మా వైపు మామిడి తోటల కంటే అందులోకి దిగే ఏనుగుల గురించే మాటలెక్కువ. అందుకని నేను పాదాన్ని విరిచా.

ఏమి జరిగె నిచట? ఎవరివీ రంగులు?
అమ్మ యడిగినంత నక్క చెల్లి
తొందరేమి లేక తొణకక చెప్పిరి
"గోడ మీద పుట్టె గున్న", "మావి"

నిర్వాహకుడు:
అబ్బ! రెండు ప్రశ్నలు, వరసలో రెండు జవాబులు. ఏం జరిగిందంటే గోడ మీద గున్న ఏనుగు పుట్టింది, రంగులెవరివంటే మావి. మామిడిచెట్టే లేకుండా చేశావు బావా. ఈ వారానికి ఇదే మేలు పూరణ అని నా ఓటు, మిగతావాళ్ళు అలిగినా సరే.

తిరుచానూరు అక్క:
అలగను గానీ, "నక్క చెల్లి" ఎవరు బావా?

పలమనేరు బావ:
సంధి చేసిన పాపం అది, అక్క కాస్తా నక్కయింది! మా ఇంట్లో చిన్నదాన్ని చూస్తే ఆ మాట తప్పనిపించదు, వదిలేయండి.

నిర్వాహకుడు:
ఇక నా కథ. గంగమ్మ జాతరకి చుట్టాలొస్తారని ముందుగదికి లప్పం పట్టించి, ప్రైమర్ కొట్టించి, రెండు కోట్లు వేయించా (రూపాయలు కాదు). తలుపు పక్కన గోడ మీద మా వాడి ఎత్తు పుట్టినరోజు పుట్టినరోజుకీ పెన్సిలుతో గీస్తున్నా. రంగు వేసే అతను "ఈ గీతలు కొట్టేసేదా సార్" అని అడిగాడట, ఫోన్‌లో ఉన్న నేను తల ఊపానట. సాయంత్రానికి గోడ తెల్లగా మెరుస్తోంది, గీతలు లేవు. ఆ రాత్రి మా ఆవిడ నాతో మాట్లాడలేదు. పాత ఫోటోలు వెతికితే ఒకదాంట్లో టేపుతో సహా దొరికాయి: 75 సెంటీమీటర్లు, 86. మొన్న మూడో పుట్టినరోజుకి కొలిస్తే 94. ఈసారి గీతలు కాకుండా ఒక చెట్టు గీసి, ఒక్కో ఎత్తులో ఒక్కో కొమ్మ వేశా.

ఏటికొక్క గీత యెత్తుకు కొలతగా
కొడుకు నిలువబెట్టి కొమ్మ గీయ
మూడు కొమ్మలయ్యె ముచ్చటగా నేడు
గోడ మీద పుట్టె గున్న మావి

చిత్తూరు మాస్టారు:
గీతా, కొమ్మా రెండూ ఎందుకు, ఒకటి చాలు కదా అని రాయబోయాను, కథ చదివాక ఆగాను. కానీ కథ తెలియనివాడికి మూడేళ్ళ చెట్టు నేడెలా పుట్టిందన్న అనుమానం వస్తుంది. పద్యం తనంతట తాను నిలబడాలి.

నిర్వాహకుడు:
ఒప్పుకుంటున్నా మాస్టారూ, రెండో పాదంలో ఎక్కడో "మరల" ఇరికించాలి. రేపు చూస్తా. ఇప్పుడు జాతరకి మా వాడికి బైరాగి వేషం వేస్తున్నాం, ఒళ్ళంతా నామంసుద్ద పూసి ఇటు తిరిగేలోపు కొత్త గోడ మీద, సరిగ్గా మూడో కొమ్మ కింద, తెల్లగా అరచెయ్యి పడింది.

దామలచెరువు మామ:
తుడవబాకు. పూత వచ్చిందనుకో.