జెన్ 6, నోవా లేక్ కోసం ఆగాలా? ఏఎం4 మీద ఉన్నవాళ్లు చెప్పండి

మిర్యాలగూడ_పీసీ
బీ450 బోర్డు (ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఏఎమ్‌డీ పాత ఏఎం4), రైజెన్ 5 3600 ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ నాది. యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (కంప్యూటర్లో నడిచే డమ్మీ ఫోన్) ఆన్ చేసి బిల్డ్ పెడితే మౌస్ కూడా కదలట్లేదు. ఇంటెల్ కొత్త తరం చిప్స్ నోవా లేక్ 2026 చివర్లో అని కంపెనీయే చెప్పింది, ఏఎమ్‌డీ కొత్త తరం జెన్ 6 కూడా వస్తోంది. ఆగాలా, ఇప్పుడే రైజెన్ 9000 సిరీస్‌కి వెళ్లిపోవాలా? ఇంకో రెండు డౌట్లు: మా దగ్గర కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, యూపీఎస్ ఎంతది పెట్టాలి? గదిలో ఏసీ లేదు, ఫ్యాన్ కూలర్ సరిపోతుందా, లిక్విడ్ తీసుకోవాలా?

బెజవాడ_బిల్డర్
ఆగకు బ్రో. ఆగేవాడు ఆగుతూనే ఉంటాడు. కొత్త సాకెట్ ఏఎం5కి 2027 దాకా, ఆ తర్వాత కూడా సపోర్ట్ ఉంటుందని ఏఎమ్‌డీ బహిరంగంగా చెప్పింది. ఇవాళ మంచి బోర్డు మీద 9600ఎక్స్ పెట్టుకో, తర్వాత చిప్ ఒక్కటే మార్చుకో. 2017లో ఎక్స్370 కొన్నవాళ్లు అదే బోర్డులో ఎంతో తర్వాత వచ్చిన 5800ఎక్స్3డీ చిప్ పెట్టి ఇవాళ్టికీ ఆడుకుంటున్నారు. వాళ్లలో నేనొకణ్ని.

కొత్తగూడెం_404
ఆ సపోర్ట్ అంత తేలిగ్గా రాలేదన్నా. 2020 మేలో బీ450 వాళ్లకి జెన్ 3 (రైజెన్ 5000) సపోర్ట్ ఇచ్చేది లేదనే అన్నారు. జనం గొడవ చేశాకే దిగొచ్చారు. ఎక్స్370 లాంటి 300 సిరీస్ బోర్డులకైతే 2022 దాకా మోక్షం లేదు. కంపెనీ మాట మీద డబ్బు పెట్టొద్దు, ఇవాళ బాక్సులో ఏముందో దానికే పెట్టండి.

బెజవాడ_బిల్డర్
ఇచ్చారా లేదా? ఇచ్చారు. ఇంటెల్ ఎల్‌జీఏ 1851 సాకెట్ కొన్నవాళ్లని అడుగు. నోవా లేక్‌కి మళ్లీ కొత్త సాకెట్ అని వార్తలొస్తున్నాయి.

కర్నూలు_కోడ్
ఇద్దరూ సాకెట్ దగ్గరే ఆగిపోయారు, ర్యామ్ రేటు ఎవరూ చూడలేదు. 2025 చివర్నుంచి డీడీఆర్5 మండిపోతోంది. శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ ముగ్గురూ ఏఐ సర్వర్ల వైపు తిరిగారు. మైక్రాన్ అయితే 2025 డిసెంబర్లో మనలాంటివాళ్లకి ర్యామ్ అమ్మే క్రూషల్ వ్యాపారమే మానేస్తున్నామని ప్రకటించింది. గత ఏడాది వేసవిలో మా ఇంట్లో అందరూ వద్దంటున్నా 64 జీబీ కిట్ తీసుకున్నా, ఇప్పుడు దానివైపే ఆశగా చూస్తున్నారు. ఏఎం5కి వెళ్తే డీడీఆర్5 తప్పదు, మీ పాత స్టిక్స్ పనికిరావు. ప్రాసెసర్ మీద నాలుగు వేలు తగ్గుతుందని ఆగేవాళ్లు ర్యామ్ దగ్గర అంతకు ఎన్నో రెట్లు కడతారు.

మిర్యాలగూడ గారూ, మౌస్ ఆగిపోవడం 3600 చేసే పని కాదు. బిల్డ్ నడిచేటప్పుడు టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, మెమరీ తెరవండి. ‘కమిటెడ్’ దగ్గర మొదటి అంకె 16 బాగా దాటిందంటే మీ ర్యామ్ చాలక డిస్క్ మీదికి పోతూ ఉండొచ్చు. స్టూడియో, గ్రేడిల్ (బిల్డ్ చేసే టూల్), ఎమ్యులేటర్, క్రోమ్ నాలుగూ కలిస్తే 16 జీబీ చాలదు. నా లాప్‌టాప్‌లో అచ్చం ఇదే.

రామగుండం_ఎండ
లిక్విడే తీసుకో తమ్ముడూ, ఆలోచించకు. నాది 360 ఎంఎం రేడియేటర్ ఉన్నది. మే నెలలో బయట నిప్పులు కురుస్తుంటే చిప్ 70 దాటలేదు. ముందున్న ఫ్యాన్ కూలర్‌తో గదిలో కూర్చోలేకపోయేవాణ్ని, ఇప్పుడు గది కూడా చల్లగా ఉంటోంది.

కొత్తగూడెం_404
గది చల్లబడదన్నా. చిప్ 200 వాట్లు తీసుకుంటే 200 వాట్ల వేడీ గదిలోకే వస్తుంది. ఫ్యాన్ కూలరైనా, లిక్విడైనా, కుండలో నీళ్లు పెట్టినా అంతే.

రామగుండం_ఎండ
కూర్చునేది నేను, చెమట పట్టేది నాకు. మీరొచ్చి చూశారా?

కొత్తగూడెం_404
చూడక్కర్లేదు. రేడియేటర్ కిటికీ బయట ఉందా? లేదు కదా. మరి ఆ వేడి ఎక్కడికి పోయింది?

రామగుండం_ఎండ
క్యాబినెట్ పైనున్న మూడు ఫ్యాన్లు వేడిని పైకి తోసేస్తాయి. ముందు నా కాళ్ల మీదికి కొట్టేది. తేడా నాకు తెలుస్తోంది.

కొత్తగూడెం_404
అది గాలి దిశ మారడం, చల్లదనం కాదు. కొత్తవాడు ఇది చదివి పదిహేను వేలు పోసి లిక్విడ్ కొంటే ఆ పాపం ఎవరిది?

రామగుండం_ఎండ
మాట జాగ్రత్త. నా డబ్బుతో నేను కొనుక్కున్నా, ఎవర్నీ ముంచలేదు.

వెరిఫికేషన్_బాబాయ్
హైదరాబాద్‌లో చిప్ వెరిఫికేషన్‌లోనే తల నెరిసింది నాకు, ఇద్దరూ ఒక్క నిమిషం వినండి. 404 చెప్పిందే నిజం. వేడి తగ్గాలంటే వాట్లు తగ్గాలి, కూలర్ మారిస్తే చిప్ మాత్రమే చల్లబడుతుంది. పెట్టె మీద అంకె కూడా నమ్మకండి. ఏఎం5లో 170 వాట్ల టీడీపీ (పెట్టె మీద రాసే వాట్ల లెక్క) అంటే సాకెట్‌కి 230 దాకా పోతుంది, 65 వాట్లవి 88 దాకా. 14900కే చిప్‌కి గరిష్ఠం 253 వాట్లని ఇంటెలే రాసింది. రైజెన్ 7000 సిరీస్ పెద్ద చిప్స్ 95 డిగ్రీలకు చేరితే కంగారుపడేవాళ్లున్నారు, వాటిని అలాగే డిజైన్ చేశారు. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) ఎకో మోడ్ 65 వాట్లకి పెట్టండి. బిల్డ్ కాస్త ఆలస్యమైనా గదిలో మనిషి ఉండగలడు.

కొత్త తరం సంగతికొస్తే నాది ఒకటే మాట: విడుదలైన రోజున కొనొద్దు. సిలికాన్ (తయారైన చిప్) మా చేతికొచ్చాక మొదటి నెలల్లో ఏం బయటపడుతుందో మాకు తెలుసు. 13, 14 తరాల ఇంటెల్ చిప్స్ వోల్టేజ్ గొడవకి 0ఎక్స్129 మైక్రోకోడ్ (చిప్ లోపలి కోడ్‌కి దిద్దుబాటు) రావడానికి 2024 ఆగస్టు దాకా పట్టింది. పైగా వారంటీ రెండేళ్లు పెంచాల్సొచ్చింది. రైజెన్ 9000ని కూడా అదే ఏడాది జులై 31 నుంచి ఆగస్టుకి జరిపారు. జెన్ 6లో నేను ఎదురుచూసేది కోర్ల కోసం కాదు, ఐఓ డై (ర్యామ్‌తో, బయటి పరికరాలతో మాట్లాడే ముక్క) కోసం. జెన్ 5లో జెన్ 4 నాటి 6 నానోమీటర్ల ఐఓ డైనే మళ్లీ వాడారు, అందుకే ర్యామ్ స్పీడ్ ఇంకా 6000 దగ్గరే తిరుగుతోంది.

బెజవాడ_బిల్డర్
బాబాయ్, మీ అనుభవానికి దండం. కానీ ఐఓ డై మారినా ఆటల్లో తేడా తెలియదు. 3డీ క్యాష్ (చిప్‌లోనే పేర్చిన అదనపు మెమరీ) ఉంటే స్లో ర్యామ్ కూడా చాలు.

వెరిఫికేషన్_బాబాయ్
అడిగినాయన ఆటలాడట్లేదు, కోడ్ కంపైల్ చేస్తున్నాడు. ఈ ఫోరంలో ఏ ప్రశ్నకైనా ఆటల చిప్ 9800ఎక్స్3డీ అనే జవాబు వస్తోంది, చిరాకేస్తోంది.

పెళ్లి_వీడియోలు_రాజమండ్రి
మా లైన్‌లో వాళ్లెవరైనా చదువుతుంటే: కెమెరా 4:2:2 10 బిట్ హెచ్.265లో (రంగుల వివరం ఎక్కువుండే వీడియో ఫార్మాట్) తీస్తే ఇంటెల్ కొత్త చిప్స్‌లోని గ్రాఫిక్స్ దాన్ని హార్డ్‌వేర్‌లోనే డీకోడ్ చేస్తుంది. టైమ్‌లైన్ మీద వేలు పెట్టి లాగితే తలంబ్రాల సీన్ ఆగకుండా కదిలింది, ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికపాటి నకళ్లు) చేసుకునే బాధ పోయింది. ఒక్కటి మాత్రం చూసుకోండి: పేరు చివర ‘ఎఫ్’ ఉంటే ఆ గ్రాఫిక్స్ ఉండదు. రెండు వేలు తక్కువని నాకు ఎఫ్ అంటగట్టబోయాడు షాపువాడు. ముహూర్తాల ముందు అది ఇంటికొచ్చి ఉంటే పార్టీలకి ఏం చెప్పేవాణ్ని? నోవా లేక్‌లో ఆ మీడియా ఇంజిన్ ఇంకా బాగుపడాలని కోరుకుంటున్నా, కోర్లు ఎన్నైనా ఇచ్చుకోనీ.

ఫ్రిస్కో_తెలుగు
ఇక్కడ డాలస్‌లో మైక్రో సెంటర్ షాపుకి వెళ్తే ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ కలిపి కాంబో ఇస్తారు. ఇండియా వచ్చేటప్పుడు ఎవరికైనా తేవాలంటే చెప్పండి.

కర్నూలు_కోడ్
పాడైతే వారంటీకి మళ్లీ డాలస్ పంపాలా అన్నయ్యా? అది తేల్చుకున్నాకే ఎవరైనా చెప్పండి.

మిర్యాలగూడ_పీసీ
కర్నూలు గారూ, చూశాను. కమిటెడ్ 27 జీబీ చూపిస్తోంది! ప్రాసెసర్ దండగేనా అయితే?

కర్నూలు_కోడ్
దండగ కాదు, రెండో పని. ముందు 32 జీబీ డీడీఆర్4 చేయండి. దాని రేటూ పెరిగింది, అయినా బోర్డు, చిప్, డీడీఆర్5 మూడూ కొనడం కన్నా చాలా తక్కువ. ఇంకా చాలకపోతే అదే బోర్డులో 5700ఎక్స్ ప్రాసెసర్.

బెజవాడ_బిల్డర్
5700ఎక్స్ ఎందుకు, 5950ఎక్స్ పెట్టుకోమనండి. 16 కోర్లు.

వెరిఫికేషన్_బాబాయ్
బీ450లో చాలా బోర్డులకి వీఆర్ఎం (ప్రాసెసర్‌కి కరెంటు సర్దే భాగం) మీద సరైన హీట్‌సింక్ ఉండదు. ఏసీ లేని గదిలో గంటసేపు ఫుల్ లోడ్ పెడితే వీఆర్ఎం కాగిపోయి క్లాక్ (చిప్ వేగం) పడిపోతుంది, 16 కోర్లకి డబ్బిచ్చి ఎనిమిదింటి పని చేయించుకున్నట్టు అవుతుంది. బోర్డు మోడల్ చెప్పకుండా ఎవరూ ఎవరికీ 5950ఎక్స్ చెప్పకండి. మోడల్ పెట్టు బాబూ, చూస్తాను.

రామగుండం_ఎండ
404 గారూ, వాట్ మీటర్ తెప్పించా. ఎకో మోడ్‌లో గోడ దగ్గర 190, మామూలుగా 310. ఎకో మోడ్‌లో గది నిజంగానే తేడాగా ఉంది. లిక్విడ్ మాత్రం తీయను, చప్పుడు లేదు.

కొత్తగూడెం_404
చప్పుడు లేదంటే ఒప్పుకుంటానన్నా. పంప్ ఏ స్పీడ్‌లో పెట్టారు? నా స్నేహితుడిది రాత్రంతా గుయ్యిమంటోంది.