నాన్నను ఇంటికి తెచ్చుకోవాలా, రిహాబ్‌లో పెట్టాలా?

పల్నాటి పెద్దబ్బాయి:
నాన్నకు 74. షుగర్, బీపీ ఎప్పటి నుంచో ఉన్నాయి. పద్దెనిమిది రోజుల కిందట తెల్లవారుజామున బాత్రూమ్ గుమ్మంలో కూలబడ్డారు. మూతి వంకర పోయింది, కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట లేదు. పక్షవాతం అన్నారు. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలట. నిద్రలో ఎప్పుడొచ్చిందో ఎవరికి తెలుసు? టైమ్ దాటిపోయిందన్నారు. గుంటూరులో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో ఉన్నాం, నాలుగు రోజుల్లో డిశ్చార్జ్. ముక్కులో తిండి పోసే గొట్టం అలాగే ఉంది. హైదరాబాద్‌లో రిహాబ్ సెంటర్‌లో, అంటే అక్కడే ఉంచుకుని వ్యాయామాలు చేయించే చోట, చేర్చాలని చెల్లి పట్టు. నెలకు లక్ష పైనే చెప్పారు. సొంత ఇల్లు ఉండగా పరాయి చోట ఎందుకని నేను. నిన్నటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇలాంటిది చూసినవాళ్లు చెప్పండి.

తెనాలి చిన్నకోడలు:
రాత్రి రెండింటికి ఆయన్ని పక్కకు తిప్పేదెవరు? ముందు అది చెప్పండి అన్నయ్యా.

మా మామగారికి పద్నాలుగు నెలలు చేశాను. "మనమే చూసుకుందాం" అన్నారు మా ఇంట్లో మగవాళ్లు. ఆ మనం అంటే నేనని వారం తిరక్కుండానే తెలిసింది. రెండు గంటలకోసారి తిప్పాలి, లేకపోతే పుండు పడుతుంది. పెళ్లికని ఒక్క రాత్రి ఊరెళ్లాను. తిరిగొచ్చేసరికి నడుం కింద రూపాయి బిళ్లంత ఎర్రమచ్చ. అది పుండై, మానడానికి రెండు నెలలు పట్టింది. గొట్టంలో పోసే రాగిజావను పల్చటి గుడ్డలో వడకట్టాలి, మాత్రలు మెత్తగా నూరాలి, చివర్లో నీళ్లు పోసి కడగాలి. ఒక్కసారి తొందరపడ్డానా, గొట్టం పూడుకుపోయి మళ్లీ ఆటో, మళ్లీ ఆసుపత్రి. పోసేటప్పుడు తల ఎత్తులో ఉండాలి, పోశాక అరగంట వరకు పడుకోబెట్టకూడదు. ఇవన్నీ నాకు డిశ్చార్జ్ రోజున పది నిమిషాల్లో చెప్పి పంపారు.

మీ పోస్టులో మీరున్నారు, మీ చెల్లి ఉంది, నాన్నగారున్నారు. మీ ఇంట్లో ఉండే ఆడవాళ్ల ఊసే లేదు.

కాజీపేట రిటైర్డ్:
ఆ అమ్మాయి చెప్పింది నిజమే. కానీ సెంటర్ అంటే స్వర్గమేం కాదు. మా అన్నను నెలన్నర ఉంచాం. పొద్దున ముప్పావుగంట, సాయంత్రం ముప్పావుగంట ఎక్సర్‌సైజులు. మిగతా టైమంతా గోడ మీది టీవీయే. చూసుకునే పిల్లవాడిది ఒడిశా. పాపం మంచోడే గానీ తెలుగు రాదు. మాట పడిపోయిన మనిషికి భాష రాని మనిషి తోడు! ఇంటికి తెచ్చిన నాలుగో రోజున మనవడు రిమోట్ లాక్కుంటే "వెధవా" అన్నాడు మా అన్న, స్పష్టంగా. వదిన ఏడ్చేసింది. లక్షన్నర కడితే రాని మాట రిమోట్ కోసం వచ్చింది.

కాకినాడ ఫిజియో:
తిట్లు, అంకెలు, పాటలు, స్తోత్రాలు ముందు రావడం మామూలేనండీ. మాట పోయినవాళ్లకు కూడా నోటికి బాగా అలవాటైనవి కొన్ని మిగులుతాయి. అది ఇంటి మహిమ అనలేం, అదే తిట్టు సెంటర్‌లోనూ వచ్చేదేమో.

ఇంటివాళ్లకు నేర్పితే సరిపోతుందా అన్నది మన దేశంలోనే పరీక్షించి చూశారు. అటెండ్ అని దాని పేరు. 14 ఆసుపత్రులు, 1250 మంది పేషెంట్లు. సగం మందికి ఇంట్లో ఒకరికి వ్యాయామాలు నేర్పి పంపారు, మిగతా సగానికి ఎప్పటి వైద్యమే. ఆరు నెలలకు చూస్తే రెండు వైపులా 47 శాతం మంది చనిపోవడమో, ఒకరి మీద ఆధారపడటమో. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందుకే మేమే చేసుకుంటాం అంటే నాకు భయం. మొదటి మూడు నెలల్లో వచ్చినంత మార్పు తర్వాత అంత త్వరగా రాదు.

కాజీపేట రిటైర్డ్:
ఆ లెక్క మీ వాదనకు ఎట్ల పనికొస్తుంది సార్? మిగతా సగం మంది కూడా చాలావరకు ఇళ్లకే పోయి ఉంటారు కదా. సెంటర్‌కూ ఇంటికీ పోటీ పెట్టలేదు కదా అందులో.

కాకినాడ ఫిజియో:
ఒప్పుకుంటాను. సెంటరే మేలని అది చెప్పదు. నేర్పి పంపేస్తే సరిపోదని మాత్రం చెబుతుంది.

డల్లాస్ బుల్లోడు:
డబ్బు గురించి ఆలోచించకుండా మంచి సెంటర్‌లో పెట్టేయండి బ్రో. పేరెంట్స్ కంటే ఎక్కువా?

తెనాలి చిన్నకోడలు:
మా మరిదీ ఇదే అనేవాడు. వీడియో కాల్‌లో.

పాత గుంటూరు:
మా వైపు పావురం రక్తం రాస్తారు. ఇద్దరు లేచి నడవడం నేనే చూశాను.

కాకినాడ ఫిజియో:
మొదటి వారాల్లో చాలామందికి ఎంతో కొంత దానంతట అదే తిరిగొస్తుందండీ. పావురం బతికున్నా వస్తుంది.

పెద్దబ్బాయి గారూ, ఇల్లా సెంటరా అన్నది తర్వాత. మింగగలుగుతున్నారో లేదో ఎవరైనా పరీక్ష చేశారా? డిశ్చార్జ్ లోపు అడిగి చేయించుకోండి. గొట్టం ఉందా లేదా అన్నదాన్ని బట్టే ఇంట్లో సగం పని మారిపోతుంది. తొందరపడి మీరే నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. ఇంకోటి, పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపొద్దు, భుజం జారుతుంది.

పల్నాటి పెద్దబ్బాయి:
నిన్న అడిగితే స్పీచ్ థెరపిస్ట్ వచ్చారు. చెంచాడు నీళ్లిస్తే దగ్గొచ్చింది, గొంతు గరగరలాడింది. గట్టి పెరుగు మాత్రం మూడు చెంచాలు మింగారు. గొట్టం ఇప్పుడే తీయరు, కానీ రెండు మూడు వారాల్లో తీసే అవకాశం ఉందన్నారు.

చిన్నకోడలు గారి పోస్టు మా ఆవిడకు చూపించాను. తను టీచర్. స్కూలుకు సెలవు పెట్టమని అమ్మ మూడు రోజుల కిందటే అడిగిందట. నాకు ఇద్దరూ చెప్పలేదు. నేనూ అడగలేదు అనుకోండి.

గొట్టం తీసేదాకా నెల రోజులు సెంటర్‌లో, అదీ గుంటూరులోనో విజయవాడలోనో. తర్వాత ఇంటికి. రాత్రికి మనిషిని పెట్టుకుంటాం, ఆ మనిషి రాని రోజు నేనే లేస్తాను. చెల్లి "సరే" అని మెసేజ్ పెట్టింది, ఫోన్ మాత్రం ఎత్తలేదు. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

కాజీపేట రిటైర్డ్:
నెల రోజులూ రోజుకొకరు పోయి తెలుగులో మాట్లాడండి. మీ ఆంధ్రాలో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు పెన్షన్ 2024లో నెలకు 15,000 చేశారు. అర్హత ఉందేమో సచివాలయంలో కనుక్కోండి. రాత్రి మనిషి జీతంలో కొంతైనా వస్తుంది.

పల్నాటి పెద్దబ్బాయి:
కనుక్కుంటాను, థాంక్స్ అండీ. పుండ్లు పడకుండా వేసే ఎయిర్ బెడ్ కొత్తది కొనాలా? గుంటూరు చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా వాడి పక్కన పెట్టింది ఉంటే చెప్పండి, డబ్బులిస్తాను.

తెనాలి చిన్నకోడలు:
మా ఇంట్లో అటక మీద ఉంది. మోటారు బాగానే పనిచేస్తుంది, ఒక వరుసలో మాత్రం గాలి దిగుతుంది, పంక్చర్ అతికించుకోవాలి. డబ్బులేం వద్దు. ఆదివారం రండి, మీ ఆవిడను కూడా తీసుకురండి.