అప్‌డేట్: వాషర్, డ్రైయర్ విడివిడిగానే తీసుకున్నాం

తక్కువ బడ్జెట్‌లో వాషర్-డ్రైయర్ కాంబో (ఉతకడం, ఆరబెట్టడం రెండూ చేసే ఒకే మెషీన్) తీసుకోవాలా, రెండూ వేరువేరుగా కొనాలా అని అడిగాను కదా. చివరికి 1400 ఆర్‌పీఎం స్పిన్ (నిమిషానికి 1400 సార్లు తిరిగి బట్టల్లో నీళ్లు పిండేది) ఉన్న ఫ్రంట్ లోడ్ మెషీన్, దానిపైన స్టాకింగ్ కిట్‌తో హీట్ పంప్ డ్రైయర్ (వేడిని బయటికి వదలకుండా మళ్లీ మళ్లీ వాడుకునేది) పెట్టించాం. డ్రైయర్ షాపులో డిస్‌ప్లేకి పెట్టిన పీసు, వారంటీ పూర్తిగా ఇచ్చారు. అందుకే ధర కలిసొచ్చింది.

కాంబో వద్దనుకున్నది కెపాసిటీ చూసే. 8 కిలోలు ఉతికేది ఒకేసారి 5 కిలోలే ఆరబెట్టే మోడళ్లు చాలా ఉన్నాయి. పైగా ఒక లోడ్ ఆరుతుంటే ఇంకోటి వేయలేం.

"ముందు స్పిన్ స్పీడ్ చూడండి" అన్నవాళ్లకు చాలా థ్యాంక్స్. జీన్స్ నడుం పట్టీ దగ్గర కూడా నీళ్లు కారడం లేదు. స్పిన్‌లో పోని నీటిని వేడితో ఆరబెట్టాలంటే కరెంటు బాగా ఎక్కువ అవుతుంది మరి.

హీట్ పంప్‌కి టైం ఎక్కువే పడుతుంది. కానీ మామూలు కండెన్సర్ డ్రైయర్‌తో (హీటర్‌తో ఆరబెట్టి, ఆవిరిని నీళ్లుగా మార్చేది) పోలిస్తే కరెంటు దాదాపు సగమే, తేమ గాలిని బయటికి వదిలే డ్రైయర్లలా గోడకి కన్నం పెట్టి గొట్టం బయటికి తీసే పనీ లేదు. తరచూ వాడే ఇంటికి ఇదే చవక అని నా నమ్మకం. ప్రతి లోడ్ తర్వాత ఫిల్టర్‌లో నూగు మాత్రం తీసేయండి, కొత్త తువ్వాళ్లు వేస్తే మందంగా పేరుకుంటుంది.